టెక్సాస్ డాలీ తిరిగిన వీధి

జేమ్స్‌బాండ్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళకి 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' గుర్తుండే ఉంటుంది. 1971 నాటి సినిమా. షాన్ కానరీ ఎర్రటి మస్టాంగ్ కారు నడుపుతుంటాడు. రాత్రి వేళ. వీధికి అటూ ఇటూ పట్టపగల్లా దీపాలు. వెనకాల పోలీసు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని చస్తుంటాయి. చివరికి ఓ ఇరుకు సందు అడ్డొస్తుంది. హీరోగారు ఊరుకుంటాడా? కారుని ఓ పక్కకి ఎత్తి రెండు చక్రాల మీద సందులోకి దూర్చేస్తాడు. హాల్లో ఈలలే ఈలలు!

ఈసారి ఆ సినిమా చూస్తే కాస్త కళ్ళు పెట్టి చూడండి. సందులోకి దూరేటప్పుడు కారు ఒకవైపు చక్రాల మీద ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు రెండోవైపు చక్రాల మీద ఉంటుంది! అంత పెద్ద సినిమాలో అంత పెద్ద పొరపాటు. తమాషా ఏమిటంటే ఈవేళ ఆ సినిమా పేరెత్తితే వజ్రాలు ఎవరు దొంగిలించారో చాలామందికి గుర్తుండదు. ఆ కారు, ఆ పొరపాటు మాత్రం గుర్తుంటాయి.

ఆ దీపాల వీధి పేరు ఫ్రీమాంట్ స్ట్రీట్. ఊరు లాస్‌వేగాస్. పొరపాటువల్లే పేరొచ్చిన మనిషి ఒకాయన అదే వీధిలో తిరిగాడు. వీధిని, ఆయన్ని కలిపి చూడాలి. విడివిడిగా చూస్తే రెండూ సగమే అర్థమవుతాయి.

ముందు వీధి సంగతి

లాస్‌వేగాస్ అనగానే మనకు సినిమాల్లో కనిపించే ఆకాశమంత హోటళ్ళు, ఫౌంటెన్లు గుర్తొస్తాయి. అదంతా 'స్ట్రిప్' అనే పొడుగాటి రోడ్డు. నిజానికి స్ట్రిప్‌లో చాలాభాగం ఊరి పొలిమేర బయటే ఉంది. మునిసిపాలిటీ లెక్కలో అది లాస్‌వేగాస్ నగరం కాదు! అసలు ఊరు ఫ్రీమాంట్ వీధే. 1905లో రైలు కంపెనీవాళ్ళు ఎడారిలో స్థలాలు వేలం వేసి ఊరు పుట్టించారు. రైలు స్టేషన్ ఎదురుగా మొదలయ్యే వీధి ఇది. ఊళ్ళో మొట్టమొదట, 1925లో, రోడ్డు పోసింది దీనికే. 1931 మార్చిలో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. అదే ఏడు కొద్ది దూరంలో హూవర్ డ్యామ్ పని మొదలైంది. వేలమంది కూలీలు, చేతిలో జీతం, చుట్టూ ఎడారి... ఇంకేం కావాలి! వీధి పొడుగునా క్లబ్బులు లేచాయి. దీపాల మీద దీపాలు పెరిగి ఆ వీధికి 'గ్లిటర్ గల్చ్' అని ముద్దుపేరొచ్చింది. మన భాషలో చెప్పాలంటే తళుకుల లోయ అన్నమాట.

1951లో ఇక్కడ రెండు కొత్త ముఖాలు వెలిశాయి. మొదటిది పయొనీర్ క్లబ్బు నెత్తిన నిలబెట్టిన నియాన్ దీపాల కౌబాయ్, 'వేగాస్ విక్'. నలభై అడుగుల ఎత్తు! మన థియేటర్ల ముందు హీరోలకు కట్టే కటౌట్లు చూసి మురిసిపోతామా, వాళ్ళు అప్పుడే కరెంటు కటౌట్ కట్టారు. క్లబ్బు పోయింది గానీ బొమ్మ ఇంకా నిలబడే ఉంది. కింద ఇప్పుడు జ్ఞాపికలమ్మే దుకాణం.

రెండోది బెన్నీ బినియన్ అనే టెక్సాస్ మనిషి తెరిచిన 'హార్స్‌షూ'. అంటే గుర్రపునాడా. ఈ బెన్నీగారి చరిత్ర వింటే మన సినిమా విలన్లు చిన్నపిల్లల్లా కనిపిస్తారు. డాలస్‌లో దొంగజూదం నడిపాడు. మనుషుల్ని చంపాడు. అక్కడ ఉండలేక ఇక్కడికొచ్చాడు. తర్వాత పన్ను ఎగవేసినందుకు జైలుకీ వెళ్ళొచ్చాడు. అయినా జూదరుల్లో ఆయనకు ఉన్న పలుకుబడి మరొకరికి లేదు. ఎందుకంటే ఆయన క్లబ్బులో పందేనికి హద్దు విచిత్రంగా ఉండేది. మీరు వేసే మొదటి పందెం ఎంతో అదే మీ హద్దు. ధైర్యముంటే పది లక్షలు పెట్టు, కాదనను అనేవాడు! గుమ్మంలో పెద్ద బంగారు రంగు నాడా పెట్టి, అందులో పదివేల డాలర్ల నోట్లు వంద అద్దం కింద పరిచాడు. అంటే మిలియన్ డాలర్లు. దాని ముందు నిలబెట్టి ఉచితంగా ఫోటో తీసేవారు. ఫోటో చేతికొచ్చేదాకా జనం ఆగాలి కదా? ఆగినంతసేపూ ఆడతారు. వ్యాపారం అంటే అదీ!

ఆ నాడా గుమ్మంలోంచి, ఆరడుగులు దాటిన నిలువెత్తు మనిషి, నెత్తిన పెద్ద కౌబాయ్ టోపీతో, కాస్త కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చేవాడు. పేరు డాయిల్ బ్రన్‌సన్. ఆయన కాలు ఎందుకు ఈడ్చేవాడో తెలియాలంటే మనం ఈ దీపాలు వదిలి టెక్సాస్ పల్లెకు వెళ్ళాలి.

పరుగుల కుర్రాడు

లాంగ్‌వర్త్. టెక్సాస్ పడమటి భాగంలో మ్యాపులో భూతద్దం పెట్టి వెతకాల్సిన ఊరు. పత్తి పొలాలు, దుమ్ము, ఎటు చూసినా చదును నేల. 1933 ఆగస్టు 10న అక్కడ పుట్టాడు డాయిల్. చిన్నప్పటినుంచీ పరుగే పరుగు. స్వీట్‌వాటర్ హైస్కూల్లో చదువుతూ 1950లో రాష్ట్రస్థాయి పోటీల్లో మైలు పరుగు గెలిచాడు. 4 నిమిషాల 43 సెకన్లు! బాస్కెట్‌బాల్‌లో ఇంకా గట్టివాడు. ఆబిలీన్‌లో హార్డిన్–సిమన్స్ కాలేజీలో చేరాక మినియాపొలిస్ లేకర్స్ జట్టు కన్ను ఇతని మీద పడింది. అమెరికాలో అది ఎంత పెద్ద జట్టో ఆట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కుర్రాడి జీవితం సెటిలైపోయినట్టే.

సెలవుల్లో జిప్సం ఫ్యాక్టరీలో పనికి వెళ్ళాడు. గోడలకు బిగించే జిప్సం పలకల దొంతర మీదికి ఒరిగింది. కాలు రెండుచోట్ల విరిగింది. రెండేళ్ళపాటు కట్టు. పరుగు పోయింది, బంతి పోయింది, లేకర్స్ పోయారు. తర్వాత జీవితమంతా ఆ కాలు సలుపుతూనే ఉంది. పెద్దయ్యాక చేతికర్ర వచ్చింది, ఇంకా తర్వాత చక్రాల బండి వచ్చింది.

మన సినిమాల్లో అయితే ఇక్కడ ఇంటర్వెల్ వేస్తారు.

మంచంలో పడున్న కుర్రాడు చదువు మీద పడ్డాడు. విద్యాపాలనలో మాస్టర్స్ డిగ్రీ తీసుకున్నాడు. హెడ్మాస్టరు కావాల్సిన మనిషి! కానీ బడి జీతం చూసుకుంటే ఏమూలకీ రాదనిపించింది. ఆఫీసు లెక్కల మిషన్లు అమ్మే కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరాడు. మొదటిరోజే ఎవరో పేకాటకు పిలిచారు. వెళ్ళాడు. ఒక నెల జీతం కంటే ఎక్కువ గెలిచి ఇంటికొచ్చాడు. కాలేజీలో పేకాడి ఖర్చులు వెళ్ళదీసుకున్న అలవాటు ఉండనే ఉంది. కొద్దిరోజులకే ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టేశాడు.

ఎక్స్‌ఛేంజ్ అవెన్యూ

ఫోర్ట్‌వర్త్ పట్నంలో పశువుల సంత ఉండే ప్రాంతం స్టాక్‌యార్డ్స్. దాని మధ్యలో రోడ్డు ఎక్స్‌ఛేంజ్ అవెన్యూ. ఈ రోజు వెళితే ఇటుకరాళ్ళ రోడ్డు మీద టూరిస్టుల కోసం రోజూ పొడుగు కొమ్ముల ఆవుల్ని ఊరేగిస్తారు. పిల్లలు ఐస్‌క్రీం తింటూ చూస్తారు. 1950లలో ఇదే రోడ్డు చీకటిపడితే వేరే లోకం. వెనకగదుల్లో జూదం. దొంగలు, దళారులు, హంతకులు, మధ్యలో మన మాస్టర్స్ డిగ్రీ కుర్రాడు. ఆటలో తన పక్కనున్న మనిషిని తుపాకీతో కాల్చి చంపితే చూశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. బల్ల మీద డబ్బు వదిలేసి వెనకతలుపు గుండా పరుగు తీశాడట. కాలు విరిగినవాడు కూడా అప్పుడు పరిగెత్తాడన్నమాట!

టెక్సాస్‌లో జూదం చట్టవిరుద్ధం. కనుక మూడు గండాలు. మొదట ఆటలో గెలవాలి. తర్వాత ఓడినవాడు డబ్బిస్తాడా లేదా చూసుకోవాలి. ఇచ్చినా, దారిలో దోపిడీగాళ్ళకీ పోలీసులకీ చిక్కకుండా ఇల్లు చేరాలి. పేక ముక్కలు చదవడం కంటే మనుషుల మొహాలు చదవడం ముఖ్యమని డాయిల్ నేర్చుకున్న బడి ఇదే. నన్నడిగితే ఆయనకి అసలైన డిగ్రీ ఇచ్చింది ఆబిలీన్ కాదు, ఈ రోడ్డే.

అక్కడే ఇద్దరు జతగాళ్ళు దొరికారు. ఒకడు థామస్ ప్రెస్టన్. అమరిల్లో అనే ఊరివాడు, సన్నగా రివటలా ఉంటాడు, అందుకని 'అమరిల్లో స్లిమ్'. రెండోవాడు బ్రయన్ రాబర్ట్స్. నేవీలో పనిచేసి వచ్చినవాడు, కాబట్టి 'సెయిలర్'. ముగ్గురూ ఒకటే కారు, ఒకటే డబ్బుసంచి. టెక్సాస్, ఒక్లహామా, లూసియానా రోడ్లన్నీ చుట్టబెట్టారు. ఎక్కడ ఆట ఉందంటే అక్కడికి. ఆరేళ్ళు అలా తిరిగి సంపాదించింది మూటకట్టుకుని లాస్‌వేగాస్ మీద దండెత్తారు. ఫలితం? మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది! స్నేహం మిగిలింది గానీ భాగస్వామ్యం ఆరోజుతో సరి.

ఈ తిరుగుళ్ళ మధ్యలోనే 1962లో లూయీస్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయి ఎంతోకాలం కాలేదు, మెడ దగ్గర గడ్డ కనిపించింది. క్యాన్సర్. ఒళ్ళంతా పాకిందన్నారు. భార్య గర్భవతి. డాక్టర్లు కొద్ది నెలల గడువిచ్చారు. ఆపరేషన్ అయ్యాక చూస్తే మనిషి నిలబడ్డాడు. డాక్టర్లకే అంతు చిక్కలేదు. లూయీస్ మాత్రం ప్రార్థనల మహిమ అంది. ఆసుపత్రి నుంచి బయటపడ్డాక వరసగా గెలిచాడనీ, ప్రాణం విలువ తెలిశాక చేతిలో ముక్కలు స్పష్టంగా కనిపించాయనీ ఆయన చెప్పుకున్నాడు. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆ పుట్టిన కూతురికి తండ్రి పేరు కలిసేలా డాయిలా అని పెట్టుకున్నారు. ఆమె 18 ఏళ్ళకే, 1982లో, గుండెజబ్బుతో పోయింది. బల్ల మీద ఎన్ని లక్షలు పోయినా రెప్పవేయని మనిషి, ఆ తర్వాత చాలాకాలం పేక ముట్టలేదు.

డాయిల్ కాస్తా డాలీ!

1970లో బెన్నీ బినియన్ హార్స్‌షూలో 'వరల్డ్ సీరీస్ ఆఫ్ పోకర్' మొదలుపెట్టాడు. పేరు చూసి హడలిపోకండి. మొదటి ఏడు పట్టుమని పదిమంది కూడా సరిగా లేరు, ఓట్లేసి విజేతను ఎన్నుకున్నారు! ముసలి ఉద్దండుడు జానీ మాస్ గెలిచాడు.

1972లో ఆఖరికి ముగ్గురు మిగిలారు. అమరిల్లో స్లిమ్, 'పగ్గీ' పియర్సన్, మన డాయిల్. చిన్నప్పుడు దెబ్బ తగిలి ముక్కు చప్పిడైపోయిందట, అందుకని పగ్గీ. డాయిల్‌కి గెలవాలని లేదు. గెలిస్తే పేపర్లో ఫోటో పడుతుంది. ఊళ్ళో బంధువులంతా చర్చికి వెళ్ళే జనం, జూదరి అంటే తలవంపు. ఒంట్లో బాగాలేదని తన వాటా తీసుకుని తప్పుకున్నాడు. స్లిమ్ గెలిచాడు. స్లిమ్‌కి ఈ మొహమాటాలేం లేవు. టీవీ షోలన్నీ తిరిగి కబుర్లు చెప్పాడు. 1974లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన 'కాలిఫోర్నియా స్ప్లిట్' సినిమాలో తన పాత్ర తనే వేశాడు కూడా!

ఆ రోజుల్లోనే జరిగింది నామకరణం. జిమ్మీ 'ద గ్రీక్' స్నైడర్ అని పందేల జోస్యాలు చెప్పడంలో పేరుమోసినవాడు ఒకాయన ఉండేవాడు. ఆటగాళ్ళని ప్రకటిస్తూ 'టెక్సాస్ డాయిల్' అనబోయి, నోరు జారి 'టెక్సాస్ డాలీ' అనేశాడు. విలేకరులు అలాగే రాసుకుపోయారు. పేపర్లో అచ్చయిపోయింది. అంతే, అతుక్కుపోయింది!

డాలీ అంటే ఇంగ్లీషులో ఆడపిల్లలకు పెట్టే ముద్దుపేరు, లేదా బొమ్మ. ఎక్స్‌ఛేంజ్ అవెన్యూలో తుపాకుల మధ్య ఆడొచ్చిన ఆజానుబాహువుని పట్టుకుని బొమ్మా అని పిలవడమంటే ఎలా ఉంటుంది! మరొకరైతే కొట్లాటకు దిగేవాళ్ళు. ఈయన నవ్వి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంలోనే ఉంది ఆయన తెలివి. ఎదుటివాడు తనని ఎంత మెత్తగా అనుకుంటే జూదరికి అంత లాభం.

మన సినిమావాళ్ళకి బిరుదులు సభ పెట్టి ఇస్తారు. శాలువా, దండ, వేదిక మీద పెద్దలు. అలాంటి బిరుదులు కొన్ని మర్నాటికి ఎవరికీ గుర్తుండవు. అదే ఎవరూ ఇవ్వకుండా వచ్చిన పేర్లు చూడండి. 'షావుకారు' సినిమాలో నటించిన జానకిగారు షావుకారు జానకి అయిపోయారు. 'సాక్షి' చేసిన రంగారావుగారు సాక్షి రంగారావుగానే జీవితమంతా వెలిగారు. జనం నోట్లో పడ్డ పేరుకున్న బలం అది. డాలీ కూడా అలాంటిదే. కాకపోతే వీళ్ళవి చేసిన పనివల్ల వచ్చాయి, ఆయనది ఇంకొకడి నాలుక మడతపడటం వల్ల వచ్చింది.

పది – రెండు

ఇక అసలు ఘట్టం. అందుకు ఆట కొంచెం చెప్పాలి. 'టెక్సాస్ హోల్డెమ్'లో మీ చేతిలో రెండే ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు విప్పుతారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. ఏడింటిలో మంచి ఐదు ఎవరివో వాళ్ళదే డబ్బు. పందేనికి హద్దు లేదు కాబట్టి ఎప్పుడైనా సరే ఉన్నదంతా ముందుకు తోసేయొచ్చు.

1976. తలా పదివేల డాలర్లు కట్టి 22 మంది కూర్చున్నారు. గెలిచినవాడికే మొత్తం, 2 లక్షల 20 వేలు. చివరికి డాయిల్‌కి ఎదురుగా జెస్సీ ఆల్టో. డాయిల్ చేతిలో పది, రెండు. మన ఊళ్ళో ఎవడికైనా ఇస్తే విసిరికొట్టే ముక్కలు! ఆల్టో చేతిలో ఆసు, జాకీ. బల్ల మీద పడ్డాయి చూడండి... ఆసు, జాకీ, పది. ఆల్టోకి రెండు జతలు, మనవాడికి ఒక్క పదుల జత. నాలుగోది రెండు. ఇప్పటికీ ఆల్టోదే పైచెయ్యి. ఐదోది... పది! మూడు పదులు, రెండు రెళ్ళు. ఫుల్‌హౌస్! ఛాంపియన్ డాయిల్.

ఇంతవరకూ బాగానే ఉంది. మరుసటేడు 1977. ఈసారి 34 మంది, 3 లక్షల 40 వేలు. మళ్ళీ ఆఖరి ఇద్దరిలో డాయిల్. ఎదురుగా 'బోన్స్' అని పిలిచే గ్యారీ బెర్లాండ్. ఎముకలు అన్నమాట, ఏం పేర్లో వీళ్ళవి! డాయిల్ చేతిలో మళ్ళీ పది, రెండు. బెర్లాండ్ చేతిలో ఎనిమిది, ఐదు. బల్ల మీద పది, ఎనిమిది, ఐదు. మళ్ళీ ఎదుటివాడికి రెండు జతలు, ఈయనకి ఒక జత. నాలుగోది రెండు. ఐదోది పది. మళ్ళీ అదే ఫుల్‌హౌస్!

కథారచయిత ఇలా రాసుకొస్తే ఏ నిర్మాతైనా, 'మరీ ఇంత కాకతాళీయం జనం ఒప్పుకోరయ్యా, మార్చు' అంటాడు. జరిగింది మాత్రం ఇదే. ఆనాటి నుంచీ ప్రపంచంలో ఎక్కడ పోకర్ ఆడినా పది–రెండుకి పేరు 'డాయిల్ బ్రన్‌సన్'.

ఇక్కడ ఒక తగువుంది. అంతా అదృష్టమే కదా, ఇందులో గొప్పేముంది అంటారు కొందరు. ఆ రెండు ముక్కల వరకూ అయితే నిజమే. కానీ 22 మందిలో, 34 మందిలో, ఆఖరిదాకా డబ్బు కాపాడుకుంటూ రావడం, అదీ వరసగా రెండేళ్ళు, ముక్కల చలవ కాదు. అదృష్టమా నేర్పా అన్న ఇదే తగువు మన గడ్డ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందని మీలో ఎందరికి తెలుసు? సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడినదని, మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమని 1967 చివర్లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన జేబులు చూసుకోకండి! ఫోన్లలో పందేలాట ముదిరి కొంపలు మునిగాక 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ దానిమీద నిషేధం పెట్టాయి. 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. నేర్పున్న ఆటైనా, ఆ నేర్పు మనకుండాలి కదా. ఫోర్ట్‌వర్త్ బల్లల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా తమకి నేర్పుందనే అనుకున్నారు.

పిల్లవాడొచ్చాడు

డాలీ దగ్గర మరో విచిత్రం ఉంది. ఇరవై ఏళ్ళు ప్రాణాలొడ్డి నేర్చిన రహస్యాలన్నీ పుస్తకంగా అచ్చేయించాడు. 1970ల చివర్లో సొంత ఖర్చుతో వేసిన ఆ పుస్తకం పేరు 'సూపర్ సిస్టమ్'. వెల వంద డాలర్లు! తోటి ఆటగాళ్ళు నెత్తీనోరూ కొట్టుకున్నారు. గారడీవాడు బుట్ట అడుగు చూపించేసినట్టయింది మరి. మ్యాట్ డేమన్ నటించిన 'రౌండర్స్' (1998) చూసినవాళ్ళకి హీరో ఈ పుస్తకాన్ని వేదంలా చూసుకోవడం గుర్తుండే ఉంటుంది.

1980లో డాలీ మళ్ళీ ఆఖరి ఇద్దరిలోకి వచ్చాడు. ఎదురుగా కుర్చీలో న్యూయార్క్ నుంచి వచ్చిన బక్కపలచని కుర్రాడు. పేరు స్టూ అంగర్. స్కూలు పిల్లాడిలా ఉన్నాడని అందరూ 'ద కిడ్' అనేవారు. జిన్ రమ్మీలో ఇతన్ని ఎదుర్కునే మగాడు లేక, ఎవరూ ఆటకు రాక, ఈ ఆటకి వచ్చాడు. డాలీని ఓడించాడు! మరుసటేడూ గెలిచాడు. 1997లో మూడోసారి. ఆటవరకు చూస్తే డాలీకంటే ఇతనే మేధావి అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట నేను కాదనను.

కానీ గెలిచిన డబ్బంతా గుర్రాలకీ, పందేలకీ, కొకైన్‌కీ పోసేశాడు. 1998 నవంబరులో ఇదే లాస్‌వేగాస్‌లో ఓ చవక మోటెల్ గదిలో చనిపోయి కనిపించాడు. 45 ఏళ్ళు. మిత్రులు చందాలు వేసుకుని అంత్యక్రియలు చేశారు. ఇతని మీద 'హై రోలర్' అని సినిమా వచ్చింది. డాలీ జీవితంలో ఇంత నాటకం లేదు కాబట్టి ఆయన మీద అలాంటి సినిమా రాలేదేమో! 2007లో వచ్చిన 'లక్కీ యూ'లో మాత్రం తనలాగే ఓ మూల కనిపిస్తాడు.

వీధి ఇప్పుడు

ఫ్రీమాంట్ వీధిలో ఇప్పుడు కార్లు తిరగవు. స్ట్రిప్ దెబ్బకి జనం తగ్గిపోతుంటే 1995లో వీధి నెత్తిన తొంభై అడుగుల ఎత్తున పెద్ద పందిరి వేశారు. రాత్రయితే ఆ పందిరంతా ఒక సినిమా తెర. తల పైకెత్తి చూస్తే రంగులు పరిగెడుతుంటాయి. పందిరి కింద తీగలకు వేలాడుతూ జనం ఈ చివరినుంచి ఆ చివరికి జారిపోతుంటారు. బాండ్ కారు తిరిగిన చోట కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకుంటారు.

2003లో హార్స్‌షూలో చివరి మెరుపు మెరిసింది. టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే లెక్కల గుమాస్తా కొద్దిపాటి డాలర్లతో కంప్యూటర్లో ఆడి, అక్కడ గెలిచి, ఇక్కడికొచ్చి 838 మందిని దాటుకుని 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. ముద్దుపేరు కాదండోయ్, ఇంటిపేరే మనీమేకర్! ఆ వార్త విని లోకమంతా పోకర్ మీద పడింది. పాపం, హార్స్‌షూకి దక్కింది మాత్రం ఏమీ లేదు. అప్పులు నెత్తికెక్కి 2004 జనవరిలో మార్షల్స్ వచ్చి డబ్బు జప్తు చేశారు, తలుపులు మూతపడ్డాయి. పెద్ద కంపెనీవాళ్ళు పోటీల హక్కులూ, హార్స్‌షూ అనే పేరూ కొనుక్కుపోయారు. తర్వాత తెరిచిన పాత భవనం మీద 'బినియన్స్' అని మాత్రం మిగిలింది. 2005 నుంచి పోటీలు స్ట్రిప్ వైపు తరలిపోయాయి. ఆ ఏడే డాలీ, 71 ఏళ్ళ వయసులో, తన పదో బ్రేస్‌లెట్ గెలిచాడు. అక్కడ పతకం బదులు చేతి కంకణమిస్తారు.

2018లో భార్య ఆరోగ్యం బాగాలేదని, ఇక పోటీలు చాలన్నాడు. అప్పటికి 84. ఆఖరిదని చెప్పి కూర్చున్న ఆ పోటీలో కూడా ఆఖరి బల్ల దాకా వచ్చాడు! 2022 డిసెంబరులో స్ట్రిప్ మీద ఓ పెద్ద హోటల్‌కి 'హార్స్‌షూ' అని కొత్తగా పేరుపెట్టారు. అలా ఫ్రీమాంట్ వీధి పేరు స్ట్రిప్ మీదికి అద్దెకెళ్ళింది. ఆ తర్వాత కొద్ది నెలలకే, 2023 మే 14న, 89 ఏళ్ళ వయసులో డాలీ లాస్‌వేగాస్‌లోనే కన్నుమూశాడు.

మీరెప్పుడైనా ఆ వీధికి వెళితే, రైలు స్టేషన్ ఉండిన చోట వెలిసిన ప్లాజా హోటల్‌కి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా పందిరి. ఎడమచేతివైపు నడుస్తూ వెళితే బినియన్స్ వస్తుంది. లోపల మిలియన్ డాలర్ల నాడా లేదు, ఆ నోట్లు ఎప్పుడో అమ్ముడుపోయాయి. అక్కణ్ణుంచి స్ట్రిప్‌కి బస్సెక్కితే పేకాట బల్లలు బోలెడు. ఏదో ఒక బల్ల దగ్గర ఓ కుర్రాడు తన రెండు ముక్కల అంచులు ఎత్తి చూసుకుంటాడు. పది, రెండు. 'డాయిల్ బ్రన్‌సన్ వచ్చాడు' అని పక్కవాడితో నవ్వుతాడు. ఆ పక్కవాడూ నవ్వుతాడు. తర్వాత కుర్రాడు ఆ ముక్కల్ని చడీచప్పుడు లేకుండా వెనక్కి తోసేస్తాడు.